తీసేసినట్టు కాయితం లేదు

*గెలిస్తే కొనసాగిస్తామని రెండు వైపులవాళ్లూ అన్నారు. తీసేస్తున్నామని ఎవరూ అనలేదు. అయినా 2024 వేసవి దాటేసరికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 2.6 లక్షల మంది గ్రామ, వార్డు వాలంటీర్లకు పని లేకుండా పోయింది. ఈ కథ రెండు కొసలూ పాత చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. ఒకటి పుంగనూరు, రెండోది కుప్పం.*

పని పోయిందంటే చేతికి ఏదో ఒక కాయితం రావాలి. మిల్లు మూస్తే గేటుకు నోటీసు అంటిస్తారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పొద్దున్నే లాగిన్ కాకపోతే అదే కబురు, దాని వెనకే మెయిలు వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో వాలంటీర్లుగా చేసిన పిల్లలకు అలాంటిదేమీ రాలేదు.

2024 జులై 1న తెల్లారకముందే పింఛను డబ్బులు వాళ్ల వీధిలోకి వచ్చాయి. నాలుగు వేల పింఛను, ఏప్రిల్ నుంచి రావలసిన పెంపు మూడు వేలు, మొత్తం ఏడు వేలు అవ్వాతాతల చేతిలో పడ్డాయి. తెచ్చినవాళ్లు గ్రామ సచివాలయం ఉద్యోగులు. అంతకు మునుపు నాలుగేళ్లపాటు నెలనెలా అవే తలుపులు తట్టినవాళ్లు ఆ రోజు ఇళ్లలోనే ఉండిపోయారు. వాళ్లను ఎవరూ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

అరచేతిలో మిషను

వాలంటీరు పని ఏమిటో ఒకటో తారీఖున చూడాల్సింది. సచివాలయం వాళ్లు బ్యాంకు నుంచి తెచ్చిన నగదు లెక్కపెట్టి ఇస్తారు. తన వాటా సంచిలో పెట్టుకుని, ప్రభుత్వం ఇచ్చిన స్మార్ట్‌ఫోను, అరచేతిలో ఇమిడే వేలిముద్రల మిషను పట్టుకుని కోడికూతకే వాలంటీరు బయలుదేరాలి. యాభై ఇళ్లు. చిక్కు డబ్బుతో కాదు, వేళ్లతో. టమోటాలు కోసి, చెనిక్కాయలు ఒలిచి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు తెంపి అరిగిపోయిన వేళ్లను మిషను గుర్తుపట్టదు. తడిగుడ్డతో తుడవాలి, కొబ్బరినూనె రాయాలి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు పెట్టించాలి. అప్పటికీ కాకపోతే కంటిపాప చూపించాలి. మంచం దిగలేని ముసలాయన దగ్గరైతే మంచం పక్కన గొంతుకూర్చుని ఆ చేయి పట్టుకుని మిషను మీద ఆనించాలి. బయటివాళ్లకు ఇది సాంకేతికతలా కనబడుతుంది. ఆ ఇంట్లో మాత్రం పక్కింటి పిల్ల వచ్చి చేసిపెట్టే పని.

మిగతా నెలంతా సర్వేలు, రేషన్ కార్డు చేర్పులు, ఆధార్ సవరణలు, పథకాల దరఖాస్తులు. 2020లో కరోనా వచ్చినప్పుడు జ్వరం ఎవరికుంది, ఊరికి కొత్తగా ఎవరొచ్చారని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నదీ వీళ్లే. దీనికంతటికీ నెలకు 5,000 రూపాయలు. రోజుకు 166 పడేది. వాలంటీర్లను తీసుకున్న ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 211 రూపాయలు. వాళ్ల పని ఆగిపోయిన ఏడాదికి అది 300 అయింది. వాలంటీరు అయిదు వేలు మాత్రం అయిదేళ్లూ అయిదు వేలే.

మరెందుకు చేశారంటే, సొంత ఊళ్లో పని. పెళ్లయి చంటిబిడ్డ ఉన్న అమ్మాయికి, గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే అబ్బాయికి ఇల్లు దాటకుండా దొరికిన పని. పైగా సర్కారు పని. ఈ రోజు అయిదు వేలయినా రేపు పర్మనెంట్ కాకపోతుందా అన్న ఆశ దాని వెనకాలే ఉంది.

ఉద్యోగమా, సేవా?

ఈ పనికి మూలం 2019 జూన్ 22న పంచాయతీరాజ్ శాఖ ఇచ్చిన జీవో 104. ఆ శాఖకు అప్పటి మంత్రి పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి. అంతకు మునుపే, మే 30న ప్రమాణ స్వీకార వేదిక మీద వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ముహూర్తాలు చెప్పేశారు. ఆగస్టు 15 నాటికి వాలంటీర్లు, అక్టోబరు 2 నాటికి గ్రామ సచివాలయాలు. చెప్పిన రోజుకే రెండూ వచ్చాయి. వాలంటీర్ల ఎంపికకు రాతపరీక్ష లేదు. మండల స్థాయిలో అధికారుల కమిటీ ఇంటర్వ్యూ చేసి తీసుకుంది. పార్టీవాళ్లనే ఏరుకున్నారని ప్రతిపక్షం మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది.

సచివాలయం ఉద్యోగుల దారి వేరు. 2019 సెప్టెంబరులో లక్షల మంది రాసిన పరీక్షలో గట్టెక్కి, ప్రొబేషన్ ముగించుకుని, పే స్కేలులోకి వచ్చినవాళ్లు. ఒకే భవనం, ఒకే రిజిస్టర్లు, ఒకే జనం. వాళ్లకు సర్వీసు పుస్తకం ఉంది. వీళ్లకు లేదు.

ఆ తేడా 2021 ఫిబ్రవరిలో బయటపడింది. జీతం పెంచమని వాలంటీర్లు విజయవాడలో రోడ్డెక్కారు. ముఖ్యమంత్రి వాళ్లకు లేఖ రాశారు. మీరు చేస్తున్నది ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ, మీకు ఇస్తున్నది జీతం కాదు, గౌరవ వేతనం అన్నది దాని సారం. అదే ఏడాది ఉగాది నుంచి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పురస్కారాలు మొదలయ్యాయి. శాలువా, బ్యాడ్జి, ప్రశంసాపత్రం, పది వేల నుంచి ముప్పై వేల దాకా నగదు.

ఆ లేఖ రాసిన నాలుగు నెలలకు, 2021 జూన్‌లో జాబ్ క్యాలెండర్ విడుదల చేస్తూ అదే ప్రభుత్వం రెండేళ్లలో ఆరు లక్షలకు పైగా ఉద్యోగాలు ఇచ్చామని ప్రకటించింది. ఆ ఆరు లక్షల్లో వాలంటీర్లూ ఉన్నారు. పెంచమని అడిగితే సేవ. లెక్క చెప్పాల్సి వస్తే ఉద్యోగం.

అవతలి వైపు మాటలూ నిలకడగా లేవు. ఇళ్లలోకి దూరి జనం వివరాలన్నీ సేకరిస్తున్నారని, అధికార పార్టీకి కళ్లూ చెవులై పనిచేస్తున్నారని తెలుగుదేశం విమర్శించింది. 2023 జులైలో ఏలూరులో పవన్ కల్యాణ్ ఆడపిల్లల అక్రమ రవాణాకు, వాలంటీర్లు సేకరించే సమాచారానికి లంకె పెట్టి మాట్లాడితే రాష్ట్రమంతా వాలంటీర్లు దిష్టిబొమ్మలు తగలబెట్టారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, ఎన్నికల ముంగిట, తెలుగుదేశం, పవన్ కల్యాణ్ కలిసిన కూటమికి అదే వాలంటీర్లు కావలసినవాళ్లయ్యారు.

ఆ ఉగాది

2024 మార్చి 30న ఎన్నికల సంఘం ఉత్తర్వు వచ్చింది. ఎన్నికలు ముగిసేదాకా వాలంటీర్లు పింఛన్లు పంచకూడదు, నగదుతో ముడిపడిన ఏ పథకం జోలికీ పోకూడదు, ఫోన్లూ ట్యాబులూ అధికారులకు అప్పగించాలి. నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కార్యదర్శిగా ఉన్న సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ సంస్థ న్యాయపోరాటం దీని వెనక ఉంది. నాలుగేళ్లు చేతిలోంచి దిగని ఫోను వాలంటీర్లు సచివాలయం బల్ల మీద పెట్టి సంతకం చేసి వచ్చారు. ఆ నెల పింఛను కోసం ముసలివాళ్లు ఏప్రిల్ ఎండలో సచివాలయాల దగ్గర పడిగాపులు పడ్డారు. కొందరు ప్రాణాలు వదిలారు. పాపం మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి.

అదే వారంలో జగన్ బస్సు యాత్ర మదనపల్లె మీదుగా సాగింది. మళ్లీ గెలిస్తే తొలి సంతకం వాలంటీర్ల వ్యవస్థను తిరిగి తేవడం మీదేనని ఆయన ఆ యాత్రలో ప్రకటించారు. ఏప్రిల్ 9, ఉగాది నాడు చంద్రబాబు నాయుడు అంతకు మించిన మాట ఇచ్చారు. వాలంటీర్లను కొనసాగిస్తాం, గౌరవ వేతనం పది వేలు చేస్తాం. అంటే ఎవరు గెలిచినా పని ఉంటుంది. అంతటి భరోసా ఆ ఎన్నికల్లో మరే వర్గానికీ దొరకలేదు.

భరోసా అలా ఉండగానే రాజీనామాలు మొదలయ్యాయి. ఎన్నికల సంఘం కట్టేసిన చేతులు విప్పుకుని పార్టీ ప్రచారంలోకి దిగాలంటే వాలంటీరుగా ఉండకూడదు. లక్ష మందికి పైగా రాజీనామా రాసిచ్చారు. కొందరు ఇష్టపడే ఇచ్చారు. మరికొందరు ఫలితాల తర్వాత, ఊరి నాయకులు మెడ మీద కత్తి పెట్టి రాయించుకున్నారని పోలీసు స్టేషన్లకు వెళ్లి ఫిర్యాదు చేశారు. మిగిలిన లక్షన్నర మంది మాత్రం ఎవరెంత చెప్పినా రాజీనామా చేయలేదు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ఉన్నచోటే ఉంటే ఎవరొచ్చినా ఉంచుతారని.

జూన్ 4న ఫలితాలు వచ్చాయి. కుప్పం నుంచి చంద్రబాబు ఎనిమిదోసారి గెలిచి జూన్ 12న ముఖ్యమంత్రి అయ్యారు. పుంగనూరులో పెద్దిరెడ్డి గెలిచారు గానీ పార్టీ ఓడింది. మదనపల్లె తెలుగుదేశానికి వచ్చింది. జులై 1న పింఛన్లు సచివాలయం సిబ్బందితో పంచారు. అత్యధికులకు మొదటి రోజే అందాయి. వాలంటీరు లేకపోతే పింఛను నడవదన్న మాట ఆ ఒక్క రోజుతో వీగిపోయింది.

లేనిదాన్ని కొనసాగించేదెలా?

2024 నవంబరులో శాసనమండలిలో వాలంటీర్లను కొనసాగిస్తారా అన్న ప్రశ్న వచ్చింది. జవాబు ఇచ్చినది మంత్రి డోలా శ్రీ బాల వీరాంజనేయస్వామి. వాలంటీర్ల వ్యవస్థకు ఆధారమైన ఉత్తర్వు గడువు 2023 ఆగస్టులోనే ముగిసిందనీ, గత ప్రభుత్వం దాన్ని పొడిగించలేదనీ, వాలంటీర్లన్నవాళ్లు ఇప్పుడు లేరనీ ఆయన చెప్పారు. ఉంటే కదా కొనసాగించడానికి అన్నది ప్రభుత్వ వాదన.

వాదన కాయితం మీద నిలుస్తుంది. ప్రతిపక్షం దాన్ని ఒప్పుకోలేదు గానీ, పొడిగింపు ఉత్తర్వు ఇదిగో అని బల్ల మీద పెట్టలేకపోయింది. వాలంటీరు వైపు నుంచి చూస్తే మాత్రం ఇది తల తిరిగే సంగతి. 2023 ఆగస్టు తర్వాత కూడా అయిదు వేలు ఖాతాలో పడ్డాయి. 2024 జనవరిలో పింఛను మూడు వేలయినప్పుడు ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చింది వాళ్లే. ఫిబ్రవరి 15న గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో అప్పటి ముఖ్యమంత్రి వాలంటీర్లకు వందనం అంటూ పెద్ద సభ పెట్టి సత్కారాలు చేశారు. అంటే ప్రభుత్వ లెక్క ప్రకారం ఉద్యోగం కాదు సరికదా, సేవ కూడా ముగిసిపోయిన ఆరు నెలలకు వాళ్ల భుజాన శాలువా పడింది. ఏప్రిల్‌లో పది వేలిస్తామన్నప్పుడు ఆ మాట అన్నవాళ్లూ, విన్నవాళ్లూ అందరూ ఆ వ్యవస్థ ఉందనే అనుకున్నారు.

జీవోను పొడిగించకుండా వదిలేసిన తప్పు ఒకరిది. మాట ఇచ్చి, తర్వాత ఆ తప్పును అడ్డం పెట్టుకున్న తప్పు మరొకరిది. రెండింటి నడుమ నలిగింది అయిదు వేల మనిషి.

రాత్రికి రాత్రి రిటైరైనవాళ్లు

తెలుగునేల మీద ఇది కొత్త ముచ్చట కాదు. ఎంత గట్టి ఉద్యోగమైనా ఒక్క సంతకంతో పోతుందని 1983లోనే తెలిసింది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయి నెల తిరిగిందో లేదో, ఫిబ్రవరి 8న ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి దించారు. ఆ నెల 28న పద్దెనిమిది వేల మందికి పైగా సర్కారు ఉద్యోగులు, మరో పది వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు రిటైరైపోయారు. ఇంకా మూడేళ్ల జీతం ఉంది, ఆలోగా కూతురి పెళ్లి చేద్దామనుకున్న గుమాస్తా ఇంటికి పూలదండతో వచ్చాడు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును 1985 జనవరిలో సమర్థించింది.

కథ అక్కడ ఆగలేదు. ఈలోగా, 1984లో, వయసు మళ్లీ 58 అయింది. మధ్యలో ఇంటికి పోయినవాళ్ల మాటేమిటని మళ్లీ కేసు పడింది. 1985లోనే జస్టిస్ చిన్నపరెడ్డి ధర్మాసనం వాళ్ల వైపు తీర్పు చెప్పింది. వయసు మిగిలి ఉన్నవాళ్లను తిరిగి తీసుకోమంది, మిగిలిలేనివాళ్లకు పరిహారం ఇమ్మంది. వాళ్ల చేతిలో సర్వీసు నిబంధనలున్నాయి, ఏ రూలు కింద చేరారో, ఏ రూలు కింద పోయారో చూపించగలిగారు.

అదే రామారావు 1984 జనవరి 6న ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను ఊడ్చేశారు. తాతల నాటి నుంచి ఊరి లెక్కలు చంకలో పెట్టుకు తిరిగినవాళ్లు తెల్లారేసరికి మామూలు రైతులయ్యారు. కోర్టు ఆ రద్దును నిలబెట్టింది. ఊళ్లలో చాలామంది మంచి పనైందనే అన్నారు. రాజశేఖరరెడ్డి కాలంలో గౌరవ వేతనం మీద వచ్చిన ఆదర్శ రైతులను 2014లో తెలుగుదేశం ప్రభుత్వం తీసేసింది. ఊరికీ సర్కారుకూ నడుమ నిలబడే మనిషిని ప్రతి ప్రభుత్వమూ తన మనిషిగానే చూసుకుంటుంది. అందుకే తర్వాతి ప్రభుత్వానికి అతను పరాయివాడవుతాడు.

కుప్పం వాళ్లకు ఇంకో ఫిబ్రవరి 28 గుర్తుంది. 2001లో ఆ రోజున కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. సరిహద్దు అవతల కోలారు గనులతో పాటు ఇవతల గుడుపల్లె మండలంలోని చిగురుగుంట గనిలోనూ తవ్వకం ఆగింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, తరాల తరబడి పని, కంపెనీ క్వార్టర్సు. బంగారం గని మూస్తారా అని నవ్వినవాళ్లు ఆ తర్వాత బకాయిల కోసం ఏళ్లకేళ్లు తిరిగారు. వాళ్ల పిల్లలు తెల్లవారుజాము రైలెక్కి బెంగుళూరు పోవడం నేర్చుకున్నారు.

చట్టంలో చోటెక్కడ?

పర్మనెంటు ప్రభుత్వోద్యోగికి రాజ్యాంగంలోని 311వ అధికరణం అండ. విచారణ లేకుండా తీసేయడానికి లేదు. కార్ఖానా కార్మికుడికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నెల నోటీసు, చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం ఇమ్మంది. 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. వాలంటీరు ఈ రెండు గూళ్లలో దేనికీ చెందడు. చేరేటప్పుడే సేవకుడని రాసి ఉంది.

ఏళ్ల తరబడి చేశాం కదా అంటే, 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు అడ్డం వస్తుంది. పద్ధతి ప్రకారం నియామకం జరగనప్పుడు, ఎన్నాళ్లు చేసినా పర్మనెంటు చేయమని అడిగే హక్కు రాదు. మాట ఇచ్చారు కదా అంటే, ప్రభుత్వం మాట నమ్మి నష్టపోయినవాళ్లను ఆదుకునే న్యాయసూత్రం ఒకటుంది. కానీ ఉగాది నాటి మాట ప్రభుత్వానిది కాదు, అప్పటి ప్రతిపక్ష పార్టీది. మేనిఫెస్టో వాగ్దానాలను ఎన్నికల చట్టం కింద అవినీతి చర్యగా చూడలేమని 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వేదిక మీది మాటకు విలువంతా ఓటు పడేదాకే.

వాలంటీర్లొక్కరే కాదు. ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సూపర్‌వైజర్లుగా, సేల్స్‌మెన్‌గా చేసిన డిగ్రీ కుర్రాళ్లు 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తెరుచుకోగానే రోడ్డున పడ్డారు. ఇంటింటికీ రేషన్ తీసుకెళ్లిన 9,260 బండ్ల పని 2025 జూన్ 1న ఆగింది. బండ్లు నడిపినవాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల వాళ్లకు బండ్లు సొంతానికి వదిలేశారు. బండి అయినా మిగిలింది.

వయసు లెక్క

వాలంటీరుకు వయోపరిమితి 18 నుంచి 35. డిగ్రీ చేసి 2019లో ఇరవై ఎనిమిదో ఏట చేరినవాళ్లకు 2024లో ముప్పై మూడు. ఎస్ఐ, కానిస్టేబుల్ పరీక్షల వయసు దాటిపోయింది. ఆ అయిదేళ్లలో బెంగుళూరు పోయిన స్నేహితులు టీమ్ లీడర్లయ్యారు. ధర్నాలు జరిగాయి, విజయవాడలోనూ జిల్లా కేంద్రాల్లోనూ. ఇచ్చిన పది వేల మాట నిలబెట్టుకోమని, కనీసం పనిలోకి తీసుకోమని అడిగారు. ఈలోగా 2025 జనవరి 30న ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన తెచ్చింది. మొదటి విడతలోనే 161 సేవలు. వాలంటీరు చేతిలోని ఫోను చేసే పనిని జనం ఫోనే చేస్తుందన్నారు. చదువు రాని అవ్వకు ఆ ఫోను నొక్కిపెట్టేది మళ్లీ పక్కింటి పిల్లే. ఇప్పుడు దానికి గౌరవ వేతనం కూడా లేదు.

దారులు కొన్ని ఉన్నాయి. కుప్పం వాళ్లకు బంగారుపేట మీదుగా వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం రైళ్లు. పుంగనూరు వాళ్లకు ముళబాగిలు రోడ్డు. మదనపల్లెలో టమోటా మండీల్లో లెక్కలు రాసే పని, నీరుగట్టువారిపల్లెలో మగ్గం ఉన్న ఇల్లయితే మళ్లీ మగ్గం. అడుగడుగునా ఒకటే ప్రశ్న, ఇంతవరకు ఏం చేశారని.

దానికి జవాబుగా చూపించడానికి చాలామంది దగ్గర ఉన్న కాయితం ఒక్కటే, సేవామిత్ర ప్రశంసాపత్రం. అప్పటి ముఖ్యమంత్రి ఫొటో, రాష్ట్ర చిహ్నం, కింద సంతకం. డిగ్రీ మార్కుల జాబితాలతో పాటు అదే ప్లాస్టిక్ కవరులో అదీ బెంగుళూరు బస్సెక్కుతుంది. దరఖాస్తు ఫారంలో పేరు, చదువు, పుట్టిన తేదీ నింపాక అనుభవం అన్న గడి వస్తుంది. సంస్థ, హోదా, చేరిన తేదీ, మానిన తేదీ. చేరిన తేదీ చాలామందికి కంఠతా వచ్చు, 2019 ఆగస్టు 15. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగుతుంది.